మార్మలేడ్ సీసాల్లో గోడ

గ్లినిస్ ఓల్డ్‌రాయిడ్ ఇరవై ఆరేళ్ళపాటు బడి ముందు రోడ్డు మధ్యలో నిలబడి లారీలను ఆపింది. ఒంటిమీద పసుపుపచ్చ కోటు, చేతిలో గుండ్రటి పలక బిగించిన పొడుగాటి కర్ర. పిల్లలు ఆ కర్రను లాలీపాప్ అనేవారు. ఆమె కర్రను నేలకు ఆనించి రెండో చెయ్యి పైకెత్తిందంటే బొగ్గు లారీ అయినా, పోలీసు బండి అయినా, మేయరు కారు అయినా ఆగి తీరాల్సిందే. ఒకసారి మేయరు కారు హారన్ కొట్టింది కూడా. ఆఖరి పిల్ల అవతలి గట్టు ఎక్కి, జారిన మేజోడు పైకి లాక్కుని, తీరిగ్గా టాటా చెప్పేదాకా గ్లినిస్ కర్ర దించలేదు. బార్న్‌స్లీ చుట్టుపక్కల ఆ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి, అరవై రెండో ఏట, తన సొంత కొత్త వంటింట్లో నిలబడి ఒక చాక్లెట్ల డబ్బా చేతిలో మోసపోయింది.

ఆ రోజు ఇల్లు అప్పగించే రోజు. ఇల్లు కట్టిన కంపెనీ తరఫున ఫెలిసిటీ అనే అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో చాక్లెట్లు, చంకలో కాగితాలు. "కంగ్రాచ్యులేషన్స్, మిసెస్ ఓల్డ్‌రాయిడ్! ఇక్కడొక్క సంతకం పెడితే తాళాలు మీవే," అంది. ఇల్లు బాగుంది, అన్నీ చూసుకున్నాం, తృప్తిగా ఉంది అని ఆ కాగితం సారాంశం. గ్లినిస్ ఇంకా గుమ్మం దాటి నాలుగడుగులు వేయలేదు. డబ్బంతా కట్టేదాకా లోపలికి రానిచ్చేది లేదని కంపెనీ ముందే చెప్పింది, అదే పద్ధతి అంది. పోనీ ఇప్పుడైనా చూసుకోవచ్చు కదా అంటే, పూలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డ మనిషి ఎదురుగా కుళాయిలు తిప్పడం, గోడలు తట్టి చూడటం ఎంత అమర్యాద! మా యార్క్‌షైర్ వాళ్ళం ఎంత మొండివాళ్ళమైనా, పూలు తెచ్చిన వాళ్ళను నిలబెట్టి అనుమానించలేం. గ్లినిస్ సంతకం పెట్టేసి, వెంట తెచ్చుకున్న కెటిల్ పెట్టి, ఆ అమ్మాయికి టీ ఇచ్చింది. టీతోపాటు అల్లం బిస్కెట్లు కూడా పెట్టింది. ఆ బిస్కెట్లు తలచుకుంటే ఆమెకు తర్వాత చాలాకాలం ఒళ్ళు మండేది.

ఇల్లు కొన్నది భర్త డెస్మండ్ కోసం. డెస్ పద్దెనిమిదేళ్ళు గనిలో బొగ్గు తవ్వాడు. గని మూసేశాక రిటైరయ్యేదాకా బస్సు నడిపాడు. గనిలో పీల్చిన ధూళి మాత్రం ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టింది. పాత ఇంట్లో పడకగదికి వెళ్ళాలంటే పదమూడు నిటారు మెట్లు ఎక్కాలి. ఏడో మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని మళ్ళీ బయల్దేరేవాడు. "నేను బేస్ క్యాంపులో ఉన్నా, నువ్వు శిఖరం మీద టీ పెట్టు," అని అరిచేవాడు అక్కణ్ణించే. డాక్టరు చూసి చెప్పాడు, మెట్లు ఉండకూడదు, చెమ్మ అసలే ఉండకూడదు అని. అందుకని ఆ ఇల్లు అమ్మి, పూడ్చేసిన గని నేలమీద కొత్తగా కడుతున్న కాలనీలో మెట్లులేని పద్నాలుగో నంబరు ఇల్లు తీసుకున్నారు. కాలనీ పేరు లాప్‌వింగ్ మెడో. లాప్‌వింగ్ అంటే ఒక పిట్ట. అది ఆ నేలమీద వాలి ముప్ఫై ఏళ్ళు దాటింది, కంపెనీ పేరుకు మాత్రం దాన్ని వాడుకుంది.

కొనేముందు గ్లినిస్ మరీ గుడ్డిగా కొనలేదు. కాలనీలో అప్పటికే కాపురం ఉంటున్న వాళ్ళను అడుగుదామని పదకొండో నంబరు ఇంటికి వెళ్ళింది. అక్కడ నార్మన్ బూత్ అనే రిటైరైన పోస్ట్‌మ్యాన్ గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"ఇల్లు ఎలా ఉందండీ? మేమూ ఇక్కడే తీసుకుందామనుకుంటున్నాం," అని అడిగింది.

నార్మన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. తర్వాత ఆకాశం వంక చూశాడు. "మధ్యాహ్నానికి వాన పడేలా ఉంది," అన్నాడు.

"అవునండీ, మబ్బు పట్టింది," అంది గ్లినిస్.

"నిన్న పడలేదు," అన్నాడు నార్మన్.

ఇంకెక్కడైనా అయితే ఆ జవాబు విని ఎవరైనా అనుమానపడేవారు. ఇంటి గురించి అడిగితే వాన గురించి చెబుతాడేమిటని నిలదీసేవారు. ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి పలకరిస్తే వాతావరణం గురించి మాట్లాడటమే మర్యాద. పెళ్ళిలోనూ అదే, శవయాత్రలోనూ అదే. పాపం కొంచెం సిగ్గరి మనిషి అనుకుని, మంచి పొరుగు దొరికిందని సంబరపడుతూ గ్లినిస్ ఇంటికి వచ్చేసింది.

కాపురం పెట్టిన మూడో నెలలో పడకగది గోడ చెమ్మ పట్టింది. పడమటి గోడ అది, వానగాలి నేరుగా కొట్టేది దానికే. వాల్‌పేపర్ ఉబ్బింది, మంచం వెనక నల్లటి బూజు లేచింది. డెస్ దగ్గు తెల్లవారి మొదలైతే సాయంత్రం టీ వేళదాకా ఆగడంలేదు. గ్లినిస్ బయటికి వెళ్ళి గోడను చూసింది. ఆమె తండ్రి విల్ఫ్ తాపీమేస్త్రీ. ఆదివారం షికారుకు వెళ్ళినా ఊళ్ళో కొత్త గోడ కనిపిస్తే ఆగి, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఇటుకల మధ్య సందులో గీకి చూసేవాడు. తాళంచెవి కీచుమంటే తలాడించి ముందుకు కదిలేవాడు. ఇసుక రాలితే మాత్రం ఆ మేస్త్రీ పేరు పెట్టి తిట్టేవాడు. తల్లి సిగ్గుతో చచ్చిపోయేది. గ్లినిస్ ఆ పడమటి గోడ ముందు నిలబడి తన తాళంచెవి తీసింది.

కీచుమనలేదు. ఇటుకలను పట్టి ఉంచాల్సిన మాలు గోధుమరంగు పంచదారలా జలజలా రాలింది. తాళంచెవి పిడిదాకా లోపలికి దిగిపోయింది. సిమెంటు వేయడం మరిచిపోయి ఇసుకతోనే ఇల్లు నిలబెట్టారు.

"డెస్!" అని కేకపెట్టింది. "ఇలా రా, మన ఇంటిని చెంచాతో తినొచ్చు!"

డెస్ వచ్చి, తనూ వేలితో గీకి చూసి, "మా గనిలో కూలిపోయిన గోడలు ఇంతకంటే గట్టిగా ఉండేవి," అన్నాడు. తర్వాత దగ్గు వచ్చింది. దగ్గుతూనే లోపలికి వెళ్ళాడు.

అక్కణ్ణించి మొదలైంది తిరుగుడు. కంపెనీకి ఫోను చేస్తే, కొత్త గోడలు ఆరేటప్పుడు కొంచెం అలాగే ఉంటుందన్నారు. తాళంచెవితో గీకకుండా ఉంటే మంచిదని సలహా కూడా ఇచ్చారు. పదేళ్ళ వారంటీ ఇచ్చిన సంస్థకు రాస్తే, మొదటి రెండేళ్ళు ఇల్లు కట్టినవాళ్ళదే బాధ్యత, మళ్ళీ వాళ్ళనే అడగమన్నారు. కౌన్సిల్ ఆఫీసుకు వెళితే, మీ ఇల్లు తనిఖీ చేసింది మా మనిషి కాదు, కంపెనీవాళ్ళు డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు ఇన్‌స్పెక్టరు, ఆయన బాగుందని రాసిచ్చాడు అన్నారు. పోనీ ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయరు దగ్గరికి వెళితే, ఆయన నీళ్ళు నమిలాడు. ఆ లాయరును చూపించింది కూడా కంపెనీయే మరి. త్వరగా పనవుతుందని వాళ్ళు చెబితే వీళ్ళు నమ్మారు.

అప్పుడే ఇంట్లో కొత్తగా కొన్న కెటిల్ పాడైంది. కొని మూడు వారాలు. నీళ్ళు కాగకముందే టిక్కుమని ఆగిపోతోంది. గ్లినిస్ దాన్ని సంచిలో వేసుకుని టౌన్లో షాపుకు వెళ్ళింది. కౌంటరు దగ్గర ముక్కుకు పోగు పెట్టుకున్న పిల్ల, "రసీదు ఉందా అమ్మా?" అంది. చూసింది. "కొత్తది కావాలా, డబ్బులు వాపసు కావాలా?" అంది.

"అంతేనా?" అంది గ్లినిస్.

"అంతే."

"ఇంకేం అడగవా? నేను దాన్ని గీకానేమో, తన్నానేమో?"

ఆ పిల్ల నవ్వింది. "నెల లోపల పాడైతే వెనక్కి తీసుకోవాల్సిందేనమ్మా. అది చట్టం."

గ్లినిస్ అక్కడే కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొంతులు సవరించుకున్నారు. జీవితమంతా గనిలోనూ బస్సులోనూ రోడ్డు మీదా సంపాదించినదంతా పోసి కొన్న ఇల్లు ఇసుకై రాలిపోతుంటే అడిగే నాథుడు లేడు. నీళ్ళు కాచుకునే కెటిల్‌కు మాత్రం చట్టం ఉంది. "అమ్మాయ్, రసీదుంటే మీ షాపులో ఇల్లు కూడా మార్చిస్తారా?" అని అడిగింది. ఆ పిల్లకు అర్థంకాక, "ఇళ్ళు పై అంతస్తులో కూడా లేవమ్మా," అంది. గ్లినిస్ బస్సులో దారిపొడుగునా నవ్వింది. ఇంటికొచ్చి కొత్త కెటిల్ పెట్టి, టీ కప్పు ముందు పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక అటక మీద నుంచి ఖాళీ మార్మలేడ్ సీసాలు దింపింది.

ప్రతి జనవరిలోనూ ఆమె చేదు నారింజలతో మార్మలేడ్ చేసి, సీసాలకు సొంత చేతిరాతతో చీటీలు అంటించేది. ఇప్పుడు ఆ సీసాల్లో గోడ నింపింది. ఒక్కో చోట రాలిన ఇసుక ఒక్కో సీసాలో. "పడకగది గోడ, మార్చి." "వంటింటి మూల, ఏప్రిల్." "పొయ్యి గొట్టం కింద, ఏప్రిల్, వాన తర్వాత." మూతలకు గళ్ళ గుడ్డ కట్టి, ముందుగది కిటికీలో వరసగా పేర్చింది. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, జెండాలు రెపరెపలాడుతూ కంపెనీవాళ్ళ నమూనా ఇల్లు ఉంది. ఇంకా నలభై ఇళ్ళు అమ్మాల్సి ఉంది వాళ్ళకు. శనివారాలు జనం పిల్లాపాపలతో వచ్చి అందులో సోఫాల మీద కూర్చుని చూసుకునేవారు. ఇప్పుడు బయటికి వచ్చాక కొంతమంది రోడ్డు దాటి వచ్చి సీసాలు చూస్తున్నారు.

"ఎంతమ్మా సీసా?" అని ఒకాయన అడిగాడు.

"ఇల్లు కొంటే ఉచితం," అంది గ్లినిస్.

ఆరుబయట చెత్తడబ్బాలు పెట్టే రోజున ఆమెకు ఇంకో సంగతి కనబడింది. నార్మన్ ఇంటి పడమటి గోడలో ఇటుకల మధ్య మాలు తెల్లగా, గట్టిగా, కొత్తగా ఉంది. కాలనీలో మిగతా ఇళ్ళన్నిటిదీ గోధుమరంగు. మేస్త్రీ కూతురికి ఆ తేడా తెలియకుండా పోతుందా? ఆ గోడను ఎవరో పూర్తిగా గీకి, మళ్ళీ కొత్తగా నింపారు.

"నార్మన్, ఇది ఎప్పుడు చేయించారు?"

నార్మన్ చెత్తడబ్బా పిడి వదల్లేదు. "గాలి బాగా వీస్తోంది ఇవాళ," అన్నాడు.

గ్లినిస్‌కు ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది.

సీసాలు కిటికీలో పెట్టిన ఆరో వారం, బుధవారం మధ్యాహ్నం ఫెలిసిటీ వచ్చింది. ఈసారి పూలు లేవు. కొత్తగా, చాలా మెత్తగా మాట్లాడింది. "మిసెస్ ఓల్డ్‌రాయిడ్, మీ బాధ మాకు అర్థమైంది. గోడలన్నీ గీకి మళ్ళీ నింపిస్తాం. పడకగది లోపల కూడా ఆరబెట్టి బాగుచేయిస్తాం. ఆరు వారాల్లో అయిపోతుంది. మీరు ఈ కాగితం మీద సంతకం పెట్టాలి, అంతే. శనివారం పదకొండింటికి వస్తాను."

వెళ్ళాక భార్యాభర్తలు కాగితం చదివారు. గ్లినిస్ గట్టిగా చదివింది, డెస్ విన్నాడు. ఇంటి లోపాల గురించి ఇరుగుపొరుగుతో, కొనేవాళ్ళతో, పత్రికలతో, ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడకూడదు. సీసాలు తీసేయాలి. అసలిలాంటి కాగితం ఒకటి ఉందని కూడా చెప్పకూడదు. చెబితే బాగుచేసిన ఖర్చంతా వెనక్కి రాబట్టుకుంటారు.

గ్లినిస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గులాబీలు కత్తిరిస్తూ తన బూట్ల వంక చూసుకున్న నార్మన్ గుర్తొచ్చాడు.

"పెట్టేద్దాం గ్లిన్," అన్నాడు డెస్.

"ఏమన్నావు?"

"సంతకం పెట్టేద్దాం అన్నాను. ఆరు వారాలు. ఆ తర్వాత నేను పడుకుంటే పొద్దున లేస్తాను."

"నువ్వేనా మాట్లాడేది? ఏడాదిపాటు గనిలో సమ్మె చేసినవాడివి. ఇంట్లో బంగాళాదుంపలు తప్ప ఇంకేమీ లేని చలికాలంలో, సంతకం పెట్టి పనిలోకి రా అని మేనేజరు ఉత్తరం పంపితే ఆ ఉత్తరంతో పొయ్యి వెలిగించినవాడివి!"

"అప్పుడు ఊపిరి ఉండేది," అన్నాడు డెస్.

ఆ మాటకు గ్లినిస్ లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన కప్పులనే మళ్ళీ కడిగింది. సమ్మె ఏడాది అంతా ఆమె చర్చి హాల్లో మూడు వందల మందికి సూప్ వండింది. ఒకరోజు కూడా అలిసిపోయానని అనలేదు. ఇప్పుడు మాత్రం చచ్చేంత అలసటగా ఉంది. డెస్ ఊపిరి కంటే ఏది ఎక్కువ? ఏదీ కాదు. అయినా ఆ కాగితం మీద తన పేరు రాయడం ఊహకు అందడంలేదు.

గురువారం నార్మన్ తోట గేటు దగ్గరికి వెళ్ళింది.

"నార్మన్, మీరేం మాట్లాడొద్దు. నాకొక కాగితం ఇచ్చారు. మీకూ అలాంటిదే ఇచ్చారు. నేను ఆ రోజు వచ్చి ఇల్లెలా ఉందని అడిగేటప్పటికే మీరు దాని మీద సంతకం పెట్టి ఉన్నారు. అవునంటే తల ఊపండి చాలు."

నార్మన్ తల ఊపలేదు. పూలున్న కొమ్మనే కత్తిరించేశాడు. ఆయన సంతకం పెట్టేనాటికి భార్య మంచం మీద ఉండేదని, ఆ శీతాకాలంలోనే పోయిందని గ్లినిస్‌కు తర్వాత తెలిసింది. తర్వాత ఆయన అన్నాడు, "ఈ ఏడు వానలు ఎక్కువగానే పడ్డాయి గ్లినిస్." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమంతా ఎటు పోయిందో, ఆమె గేటు మీదుగా చెయ్యి చాచి ఆయన మోచెయ్యి నొక్కి వచ్చేసింది.

శనివారం పదకొండింటికి ఫెలిసిటీ సరిగ్గా వచ్చింది. చంకలో కాగితాలు, చేతిలో చాక్లెట్ల డబ్బా. అదే కంపెనీ చాక్లెట్లు, అదే ఊదారంగు రిబ్బను. గ్లినిస్ టీ ఇవ్వలేదు. ఈ ఇంట్లోకి చెమ్మ చూడటానికి వచ్చిన ప్రతివాడికీ, చూసి పెదవి విరిచి పోయిన ప్రతివాడికీ ఆమె ఇన్నాళ్ళూ టీ ఇస్తూనే వచ్చింది. ఫెలిసిటీ ఒకటి రెండుసార్లు కెటిల్ వంక చూసి ఊరుకుంది.

కిటికీలో సీసాలు అప్పటికే లేవు. పొద్దున డెస్ దగ్గుతూ దగ్గుతూ ఒక్కొక్కటీ దింపి అట్టపెట్టెలో సర్దాడు. గ్లినిస్ ఆపలేదు. ఖాళీ కిటికీలోంచి ఎదురింటి జెండాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి.

"ఇక్కడ," అంది ఫెలిసిటీ, పసుపు చీటీ అంటించిన చోటు చూపించి. గ్లినిస్ పెన్ను తీసుకుంది. అప్పుడు వీధి తలుపు గంట మోగింది.

"నేను చూస్తానుండు," అని పెన్ను పట్టుకునే వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఒక కుర్ర జంట. అమ్మాయికి ఏడో నెల దాటి ఉంటుంది, కోటు బొత్తాలు పట్టడంలేదు. "సారీ అండీ, ఇబ్బంది పెడుతున్నాం. నా పేరు బెథనీ, తను కానర్," అంది. "ఎదురుగా ఇల్లు చూశాం. మాకు చాలా నచ్చింది. ఇప్పుడు వెళ్ళి బుక్ చేసుకుందామనుకుంటున్నాం. ఇక్కడ ఉంటున్నవాళ్ళను ఒకసారి అడుగుదామని... ఇల్లు ఎలా ఉందండీ?"

వెనక గదిలో ఫెలిసిటీ కుర్చీ కదిలిన చప్పుడు. ఇంకొంచెం లోపల డెస్ దగ్గు. గ్లినిస్ నోరు తెరిచింది.

"ఇవాళ కాస్త ఎండ కాసిందమ్మా," అంది.

ఆ అమ్మాయి మర్యాదగా నవ్వింది. "అవునండీ, వారమంతా ముసురే కదా."

"నిన్న అయితే మరీను," అంది గ్లినిస్.

"థాంక్సండీ," అని ఇద్దరూ వెనక్కి తిరిగారు. గేటు తీసుకుని, చేతులు పట్టుకుని, రోడ్డు మీద అడుగు పెట్టారు. అవతల జెండాల కింద తలుపు తెరిచి పెట్టి ఉంది.

గ్లినిస్ ఇంకా గుమ్మంలోనే ఉంది. తన నోట్లోంచి వచ్చింది నార్మన్ మాట. వానకు బదులు ఎండ, అంతే తేడా. ఇలాగే మొదలవుతుంది కాబోలు, తర్వాత జీవితమంతా ఎండా వానే మాట్లాడుతూ, మనుషుల మొహాలు చూడలేక బూట్లు చూసుకుంటూ. ఛీ, అనుకుంది. ఇరవై ఆరేళ్ళు ఏ పిల్లనూ చూసుకోకుండా రోడ్డు దాటనివ్వలేదు. ఇప్పుడు ఈ పిల్లను, కడుపుతో ఉన్న పిల్లను, తనే నవ్వుతూ పంపించింది.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరుగెత్తింది. గేటు దాటి, రోడ్డు మధ్యలోకి వెళ్ళి, చెయ్యి పైకెత్తింది.

"ఆగండి!"

బడి దగ్గర పని మానేశాక ఆ గొంతు మళ్ళీ ఎవరూ వినలేదు. కానర్ గట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి ఉన్నపళంగా ఆగిపోయాడు. మూల తిరుగుతున్న పాలబండి కూడా ఆగింది, దాన్నెవరూ ఆగమనకపోయినా.

"ఏమైందండీ?" అంది బెథనీ బెదిరిపోయి.

"నీకు అబద్ధం చెప్పానమ్మా. అబద్ధం కూడా కాదు, ఎండ గురించి చెప్పాను, అంతకంటే పాపం అది. నీ ఇంటి తాళంచెవి ఉందా? తీసుకుని నాతో రా."

పడమటి గోడ దగ్గర నిలబెట్టి, "గీకు," అంది. బెథనీ భయపడుతూ గీకింది. ఇసుక రాలి ఆమె బూటు మీద పడింది. ఆమె కానర్ వంక చూసింది. మళ్ళీ గీకింది, ఈసారి భయం లేకుండా. ఇంకా రాలింది.

"ఎదురుగా నువ్వు చూసింది ముస్తాబు. ఇదీ ఇల్లు," అంది గ్లినిస్. "బాగుచేయమని అడిగితే అందరూ ఒకళ్ళమీద ఒకళ్ళు తోసేస్తారు. కెటిల్ అయితే వెనక్కి తీసుకుంటారు, ఇల్లు తీసుకోరు. సంతకం పెట్టాక నీ మొహం ఎవరూ చూడరు. అందుకని ముందే చూసుకో. సొంత మనిషిని తెచ్చుకుని గీకించు, తట్టించు, కుళాయిలు తిప్పించు. పూలు తెచ్చారని మొహమాటపడకు. చూడనివ్వం అంటే కొనకు."

ఫెలిసిటీ బయటికి వచ్చింది. మొహం ఎర్రబడింది. "మిసెస్ ఓల్డ్‌రాయిడ్! మనం ఒక ఒప్పందం చేసుకున్నాం!"

"ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు తల్లీ," అన్నాడు డెస్. ఫెలిసిటీ వెనకే నెమ్మదిగా వస్తున్నాడు, గోడ పట్టుకుని, ఒక్కో అడుగుకు ఊపిరి తీసుకుంటూ. చేతిలో ఖాళీ మార్మలేడ్ సీసా ఉంది. గ్లినిస్ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఆరు వారాలు, పొద్దున లేవడం, అన్నీ తనే ఇప్పుడు రోడ్డు మధ్యలో పారేసి వచ్చింది.

"డెస్..." అంది.

"దగ్గు నాది, నేను చూసుకుంటాను," అన్నాడు డెస్. "నీ నోరు మూయించి పడుకుంటే నాకు నిద్రెలా పడుతుందే? నలభై ఏళ్ళు ఆ నోటి చప్పుడుకే అలవాటుపడ్డాను." అని వంగలేక వంగి, బెథనీ తాళంచెవి కింద సీసా పట్టాడు. "గీకమ్మా, గీకు. నిండాలి."

"ఆలోచించుకోండి," అంది ఫెలిసిటీ. "ఇక మీ గోడకు మా మనుషులెవరూ రారు."

"నువ్వూ రాకు," అంది గ్లినిస్. "నా దగ్గర టీ అయిపోయింది."

అప్పుడు పదకొండో నంబరు గేటు కిర్రుమంది. నార్మన్ వచ్చాడు. చేతిలో కత్తెర అలాగే ఉంది. అందర్నీ దాటుకుని తిన్నగా బెథనీ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి బూట్ల వంక చూసుకోలేదు, ఆ పిల్ల కళ్ళల్లోకి చూశాడు.

"నాది పదకొండో నంబరు ఇల్లు," అన్నాడు. "నా గోడ కొత్తగా ఎందుకుందో నేను చెప్పకూడదు. చెప్పకూడదని సంతకం పెట్టాను. సంతకం పెట్టానని కూడా చెప్పకూడదు. ఇప్పుడు చెప్పేశాను." ఫెలిసిటీ వైపు తిరిగి, "రాసుకోమ్మా," అన్నాడు. "బూత్, బి, డబల్ ఓ, టి, హెచ్."

ఫెలిసిటీ రాసుకోలేదు. రోడ్డు దాటి జెండాల కిందికి వెళ్ళిపోయింది. ఆ హడావుడిలో సంతకంలేని కాగితం, చాక్లెట్ల డబ్బా గ్లినిస్ వంటింట్లోనే మరిచిపోయింది. బెథనీ వాళ్ళు బుక్ చేసుకోలేదు. గోడ మాత్రం అలాగే ఉంది, ఇంకా రాలుతోంది.

ఆ మధ్యాహ్నం ఐదుగురూ వంటింట్లో కూర్చుని ఆ చాక్లెట్లు తిన్నారు. డెస్‌ మంచం ముందుగదిలోకి, పడమటి గోడకు దూరంగా జరిపారు. కానర్, నార్మన్ చెరో పక్కా పట్టారు. గ్లినిస్ టీ పెట్టింది, అల్లం బిస్కెట్లు తీసింది. తర్వాత అట్టపెట్టె విప్పి, సీసాలు ఒక్కొక్కటీ తుడిచి మళ్ళీ కిటికీలో పేర్చింది. చివరిగా కొత్త సీసా మూతకు గళ్ళ గుడ్డ కట్టి, ఇందాక తన దగ్గరే ఉండిపోయిన కంపెనీవాళ్ళ పెన్నుతో చీటీ రాసి అంటించింది. "పడమటి గోడ, శనివారం. గీకినది బెథనీ. సాక్షి నార్మన్ బూత్, పదకొండో నంబరు."